గుడగుడల కామ్, నత్తనడక క్యాంపర్

అమెరికా పికప్ దొరగారి బండిలో షెవర్లే 454 ఉంది. 7.4 లీటర్ల వీ8. వెనక నాలుగు టన్నుల క్యాంపర్. ఇప్పుడాయనకు కొత్త కామ్‌షాఫ్ట్ కావాలట. ఎలాంటిది? సిగ్నల్ దగ్గర ఆగితే గుడగుడలాడాలట, పక్క కారువాడు అద్దం దించి చూడాలట. మరి క్యాంపర్? అదీ లాగాలి లెండి, పనిలో పని!

వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో నిర్ణయించేది కామే. దొరగారు మోజుపడ్డ రేసు కామ్ ఇన్‌టేక్ వాల్వును తీరిగ్గా మూస్తుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర గాలి ఊపుమీద దూసుకొస్తుంది కాబట్టి ఆ ఆలస్యం వరం. 2,000 దగ్గర మాత్రం పైకొచ్చే పిస్టన్ మింగిన గాలిని మళ్లీ మేనిఫోల్డులోకే కక్కేస్తుంది. బరువులాగే బండి బతుకంతా 2,000కీ 3,500కీ మధ్యే. 6,000 ముఖం అది పెళ్లికో పేరంటానికో తప్ప చూడదు.

ఇక ఆ గుడగుడ. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరిచి ఉంటే పుట్టే సంగీతమది. దాంతో ఐడిల్‌లో వ్యాక్యూమ్ పడిపోతుంది. బ్రేక్ బూస్టర్ బతికేది దానిమీదే. క్యాంప్‌గ్రౌండ్‌లో రివర్స్ చేస్తూ పెడల్ తొక్కితే అది రాయిలా బిగుసుకుంటుంది. ఏం ఫర్వాలేదు, సంగీతం వినండి.

కొలరాడోలో ఐ-70 హైవే మీది ఐసెన్‌హవర్ సొరంగం 11,000 అడుగుల పైమాటే. టర్బో లేని ఇంజన్ బలంలో మూడో వంతు దాకా ఆ పల్చటి గాలికే సమర్పయామి. మిగిలినదాంట్లోంచి దొరగారి కామ్ తన వాటా తీసుకుంటుంది. కుడి లేన్‌లో హజార్డ్ లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ ఎక్కండి మహాశయా, లోడు లారీలు మిమ్మల్ని దాటిపోతాయి.

1980ల చివర్లో ఫ్యాక్టరీ ఇదే 454ను ట్రక్కులకు 230 హార్స్‌పవర్‌తో ఇచ్చింది. "ఇంతేనా!" అని దొరగారు నవ్వారు. పక్కనే రాసి ఉన్నది చదవలేదు: 385 పౌండ్-అడుగుల టార్క్, అదీ 1,600 ఆర్‌పీఎం దగ్గరే.

కొట్టువాడు పాపం అడిగాడు: బరువెంత, వెనక గేర్ రేషియో ఎంత, టైర్లెంత? వాల్వు తెరిచి ఉండే వ్యవధి తక్కువున్న 'ఆర్‌వీ కామ్' చూపించాడు. "శబ్దం రాదే!" అన్నారు దొరగారు.

చివరికి పెద్ద కామే కొన్నారు. దానికి తగ్గ హైస్టాల్ టార్క్ కన్వర్టర్, అది గేర్‌బాక్స్ ఆయిల్‌ను కాగబెడుతుందని పెద్ద కూలర్, ఇంకా లోగేర్లు. క్యాంపర్ సంగతా? దాన్ని బావమరిది డీజిల్ బండి లాగుతోంది.