సమీక్షా స్లైడుకు టీకా తాత్పర్యము

మూలము

వేసవి తాగునీటి కార్యాచరణ ప్రణాళిక
• బోర్లు ఎండిపోవుట
• ట్యాంకర్ల ఏర్పాటు
• బిల్లులు పెండింగ్
• ప్రజల సహకారం
• నాణ్యమైన నీరు
• ఇతరములు

అవతారిక

ఏ జిల్లా కలెక్టరేటులోనైనా ఏప్రిల్ నెల సమీక్షలో గోడ మీద దర్శనమిచ్చే షట్పాద రచన ఇది. కర్త ఎవరో తెలియదు. విషయాన్ని బట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ వారని ఊహ. ఫైలు ప్రాపర్టీస్‌లో వెతికితే కర్త పేరు ‘అడ్మిన్’ అని కనబడుతుంది. ఈ అడ్మిన్ రెండు తెలుగు రాష్ట్రాల్లోని అన్ని శాఖల్లోనూ రచనలు చేసినవాడు గనుక ఆయనను ఒక వ్యక్తిగా కాక ఒక సంప్రదాయంగా భావించవలెను. కాలనిర్ణయమూ దుష్కరమే. ‘వేసవి’ అన్నాడు గానీ ఏ సంవత్సరపు వేసవో చెప్పలేదు. నిరుటి ప్రతిలోనూ ఇవే ఆరు పాదాలు ఉన్నవని పెద్దల వాక్కు.

మెదక్ సీమకు చెందిన మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఆయనకేం, చేతిలో రఘువంశం ఉంది. ఈ వ్యాఖ్యాత ఆ మాట ఇవ్వలేడు. ఇక్కడ మూలంలో ఉన్నవి శీర్షికతో కలిపి పదిహేను మాటలు. చెప్పవలసినదంతా ఆ మాటల నడుమ ఖాళీలో ఉంది.

ఛందస్సు

దీనిని చుక్కల వృత్తమందురు. పాదాదిని చుక్క, పాదాంతమున నామవాచకం. క్రియ నిషిద్ధము. వక్త ఊపిరి పీల్చిన చోట యతి. ప్రాస నియమం లేకున్నా దానికి బదులు మరొకటి ఉంది: పాదాలన్నీ ఒకే జాతివై ఉండాలి. మన కవి దానిని అడుగడుగునా భంగపరచాడు. మొదటి పాదం జరిగిన సంగతి, రెండోది పని, మూడోది ఆగిన పని, నాలుగోది కోరిక, అయిదోది వస్తువు. ఆరోది ఏమిటో ఆరో పాదం దగ్గర విచారిద్దాం.

ఈ ఛందస్సు వయసు పెద్దది కాదు. 1987లో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ మాకింటాష్ కంప్యూటరు కోసం పవర్‌పాయింట్‌ను విడుదల చేసింది. ఆలోచన రాబర్ట్ గాస్కిన్స్‌ది, ముఖ్య ప్రోగ్రామరు డెనిస్ ఆస్టిన్. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ కంపెనీ మొత్తాన్ని 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది. అంతకు ముందు ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద పెట్టే పారదర్శకపు షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసుకునేవారు. నాలుగు పంక్తులు రాసేసరికి చెయ్యి లాగేది. అయిదో పంక్తి నిజంగా అవసరమా అన్న ప్రశ్న అక్కడే పుట్టేది. ఇప్పుడు కొత్త స్లైడు తెరవగానే పైన శీర్షికకో పెట్టె, కింద పాఠానికో పెట్టె సిద్ధంగా ఉంటాయి. ఎంటర్ కొడితే చుక్క తనంతట తనే పుడుతుంది. కవికి ఏం చెప్పాలో తెలియక ముందే గణ విభజన పూర్తయిపోయే సాహిత్యం ప్రపంచంలో ఇదొక్కటే.

అన్వయము

ఇక్కడ శాస్త్రం కొంచెం అవసరం. పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు తర్కసంగ్రహంలో, పదాల గుంపు వాక్యమై అర్థం ఇవ్వాలంటే మూడు ఉండాలన్నాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదం మరో పదం కోసం ఎదురు చూడడం ఆకాంక్ష. వాటి అర్థాలు పొసగడం యోగ్యత. జాగు లేకుండా వెంట వెంట పలకడం సన్నిధి. ఆకాంక్ష లేకపోతే ఏమవుతుందో చూపడానికి ఆయన ఎంచుకున్న మాటలు ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు. నాలుగింటికీ అర్థం ఉంది. నాలుగూ పక్కపక్కనే ఉన్నాయి. ఏదీ మరోదాన్ని అడగదు, అందువల్ల వాక్యం పుట్టదు.

ఆ నాలుగింటి ముందు చుక్కలు పెట్టి, ‘పశుసంవర్ధక శాఖ: ముఖ్యాంశాలు’ అని పైన రాసి చూడండి. ఒక్కరికీ అనుమానం రాదు.

వాక్యం రాసేవాడు ‘కాబట్టి’ అనో ‘అయినా’ అనో ‘లేకపోతే’ అనో ఏదో ఒకటి రాయక తప్పదు. రాయాలంటే ఆ రెండింటికీ ఉన్న సంబంధం ముందు తనకు తెలియాలి. చుక్క పెట్టేవాడికి ఆ బాధ లేదు. తనకు తెలియదన్న సంగతి ఎదుటివాడికి తెలియనివ్వని సౌకర్యం కూడా అందులోనే ఉంది.

సన్నిధి గురించి ఒక మాట. జాముకొక పదం చొప్పున పలికితే వాక్యం కాదని శాస్త్రం. మొదటి పాదం ఎడమ నుంచి ఎగురుతూ వచ్చి, రెండో పాదం ఆరు నిమిషాల తరవాత గిరగిర తిరుగుతూ దిగే యానిమేషన్లను అన్నంభట్టు చూడలేదు గానీ ఖండించే ఉంచాడు.

ప్రతిపదార్థము

బోర్లు = గొట్టపు బావులు; ఎండిపోవుట = నీరు లేకుండుట. ఎన్ని? ఏ మండలంలో? చేతిపంపులా, మోటారు బోర్లా? ఎండిపోయాయా, ఎండిపోబోతున్నాయా? ‘ఎండిపోవుట’కు కాలం లేదు. అది భూత భవిష్యద్వర్తమానాలను సమానంగా చూస్తుంది. ఇంత సమదృష్టి మోక్షానికి మంచిదే, ట్యాంకరు పంపడానికి చాలదు.

ట్యాంకర్ల ఏర్పాటు = చేసితిమి అని కొందరు, చేయవలెను అని కొందరు, చేయుడు అని మరి కొందరు. చేసేశారని కలెక్టరుగారు గ్రహించారు. చేయమని అడుగుతున్నట్టు నీటి సరఫరా శాఖ ఈఈ (కార్యనిర్వాహక ఇంజనీరు) గారి హృదయం. ట్యాంకరు యజమాని సమావేశంలో లేడు కనుక అతని పాఠం వ్యాఖ్యాతకు లభించలేదు.

బిల్లులు పెండింగ్ = ఇదే ఈ రచనకు ప్రాణము. నిరుడు తోలిన నీళ్లకు డబ్బు రాలేదు. రాలేదు గనుక ఈ ఏడు బండి కదలడం లేదు. మొదటి పాదం సమస్య. రెండోది దానికి మందు. మూడోది ఆ మందు దొరక్కపోవడానికి కారణం. ఈ మూడింటినీ ఒకే ఎత్తు చుక్కలతో ఒకే వరసలో నిలబెట్టేసరికి బిల్లుల సంగతి అకౌంట్సు వాళ్ల గొడవగా కనిపించి, కలెక్టరుగారు ‘అది తరవాత చూద్దాం’ అని ముందుకు కదిలారు.

అన్వయించి రాస్తే ఇలా ఉండేది: నలభై ఊళ్లలో బోర్లు ఎండాయి. నిరుటి బిల్లులు చెల్లించలేదు కాబట్టి ట్యాంకర్ల వాళ్లు రావడం లేదు. ఈ నెల 15లోగా డబ్బు విడుదలైతే 20 నుంచి నీళ్లు తోలించగలం. (అంకెలు వ్యాఖ్యాత కల్పించినవి. మూలకవి అంకెల జోలికి పోలేదు.) ఇది చదివిన అధికారి చేయగలిగింది ఒక్కటే, సంతకం పెట్టడమో పెట్టనని చెప్పడమో. ఇప్పుడు శీర్షిక కూడా మార్చుకోవచ్చు. ‘కార్యాచరణ ప్రణాళిక’ అనేది ఫైలు అట్ట మీది పేరు. ‘నిరుటి బిల్లులు ఇస్తేనే ఈ వేసవి ట్యాంకర్లు’ అనేది మాట. శీర్షికే మాటయితే దాని కింద ఎండిన ఊళ్ల పేర్లు చుక్కలు పెట్టి రాసుకున్నా శాస్త్రం అడ్డు చెప్పదు.

విశేషాంశములు

కొన్ని ప్రతుల్లో చుక్క కింద గీత, గీత కింద ఇంకా చిన్న చుక్క కనిపిస్తాయి. లోపలికి జరిగిన కొద్దీ అక్షరం చిన్నదవుతుంది. అక్షరం చిన్నదైన కొద్దీ సంగతీ చిన్నదేనని కన్ను తీర్మానిస్తుంది.

ఇక్కడ హాస్యం పక్కన పెట్టాలి. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక బయలుదేరిన 82 సెకన్లకు, ఇంధనపు ట్యాంకు మీద నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే ఆ దెబ్బ ఎంత ప్రమాదకరమో ఇంజనీర్లు నాసా అధికారులకు స్లైడ్ల మీద వివరించారు. వాటిలో ఒక స్లైడు శీర్షిక భయం లేదన్న ధోరణిలో ఉంది. అదే స్లైడు అట్టడుగున, చిన్న అక్షరాల్లో మరో సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, నౌకకు తగిలినది అంచనాగా 1,920. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ప్రమాదానికి కారణం నురుగే, స్లైడు కాదు. అయినా విచారణ బోర్డు, సమాచార రూపకల్పన పండితుడు ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన ఆ స్లైడు విశ్లేషణను తన నివేదికలో చేర్చింది. సాంకేతిక నివేదికలు రాయాల్సిన చోట స్లైడ్లతో సరిపెట్టే అలవాటును తప్పుపట్టింది.

ఇక పాదాల సంఖ్య. ఆరు పాదాలు, పాదానికి ఆరు మాటలు మించరాదని శిక్షణ తరగతుల్లో చెబుతారు. ఏడు దాకా పోవచ్చని మరో శాఖ. వారు 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ రాసిన వ్యాసాన్ని ప్రమాణంగా చూపుతారు. మిల్లర్ విచారించింది మనిషి అప్పటికప్పుడు ఎన్ని విషయాలు గుర్తుంచుకోగలడు అన్నది. స్లైడు ఎదురుగా వెలుగుతూనే ఉంటుంది, గుర్తుంచుకునే పని ఏముంది? అసలు చిక్కు వేరే చోట ఉంది. వక్త తెర వైపు తిరిగి ఉన్నదున్నట్టు చదువుతుంటాడు. కన్ను నోటి కన్నా వేగం కనుక సభ ముందే ముగించి ఫోను తీస్తుంది. పాదాలు మూడైనా పదమూడైనా అంతే.

లేఖక దోషాలు. ఇంగ్లీషు పుస్తకాలు ఇవి చెప్పవు. ‘బోర్లు’, ‘ట్యాంకర్ల’, ‘నాణ్యమైన’, వీటి కింద వత్తులు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేంత ఎడమే పంక్తుల మధ్య ఉంచితే, పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిలో దూరుతుంది. ఎడం పెంచితే పాదాలు తగ్గించాలి. తగ్గించడానికి మనసొప్పక కవి అక్షరాల సైజు తగ్గిస్తాడు. ఆయన తగ్గించకపోయినా, పాఠం పెట్టెలో పట్టకపోతే సాఫ్టువేరే కుదించేస్తుంది. ఇది అణిమాసిద్ధి. చివరి కుర్చీలో కూర్చున్న ఎంపీడీవోకు అక్కడ అక్షరాలున్నాయని మాత్రమే తెలుస్తుంది. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసి మరో కంప్యూటరులో తెరిచిన ప్రతులకు వ్యాఖ్య రాయడం ఏ భాషాశాస్త్రవేత్తకూ సాధ్యం కాదు.

ఇక నాలుగు, అయిదు పాదాల ప్రతిపదార్థము. ప్రజల సహకారం = పాదపూరణము.

నాణ్యమైన నీరు = యోగ్యతా భంగము. మొదటి పాదంలో నీరే లేదు, అయిదో పాదంలో దానికి నాణ్యత. నిప్పుతో తడపమన్నట్టని శాస్త్రోదాహరణ.

శంక, సమాధానము

ఇన్ని దోషాలున్నప్పుడు చుక్కలను నిషేధించరాదా? అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో ఆ పనే చేశాడు. పై స్థాయి సమావేశాల్లో స్లైడ్లు వద్దని, వాక్యాలతో మెమో రాసుకురమ్మన్నాడు. సమావేశం మొదట్లో అందరూ కూర్చుని దాన్ని మౌనంగా చదువుతారు. మన సమీక్షల్లో మౌనంగా చదివే ఘడియ ఎజెండాలో చేర్చడం ఈ వ్యాఖ్యాత ఊహకు అందడం లేదు గనుక ఆ మార్గం వదిలేద్దాం.

నిజానికి చుక్కకు తగిన చోటు ఉంది. ‘ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, రెండు ఫొటోలు తెండి’ అన్నప్పుడు నాలుగూ ‘తెండి’ అనే ఒక్క క్రియకు వేలాడుతున్నాయి. ఆకాంక్ష తీరింది. వాటిని చుక్కలు పెట్టి రాస్తే వాక్యంలో కన్నా తేలిగ్గా అందుతాయి. పాదాలను అటూ ఇటూ మార్చినా నష్టం లేకపోతే చుక్కలు. మారిస్తే పని చెడేటట్టుంటే, ఉదాహరణకు ముందు వాల్వు కట్టి తరవాత పైపు కొయ్యాల్సి ఉంటే, అంకెలు. రెండు పాదాల నడుమ నోరు తనంతట తనే ‘కాబట్టి’ అంటే మాత్రం అది చుక్కల జాతి కాదు.

మన మూలానికి ఈ పరీక్ష పెడితే మూడో పాదం దగ్గరే నోరు ‘కాబట్టి’ అంటుంది.

షష్ఠ పాదము

ఇతరములు = పై అయిదింటిలో చేరనివి. దీనికి అవధి లేదు. పూర్వ వ్యాఖ్యాతలు దీనిని అనిర్వచనీయమన్నారు. సమావేశం ముగియబోతుండగా కలెక్టరుగారు కళ్లద్దాలు సర్దుకుని, ‘ఇతరములు అంటే ఏమిటండీ?’ అని అడిగారు. ఈఈగారు డీఈగారి వైపు, డీఈగారు ఏఈ వైపు చూశారు. ఏఈ లేచి, ‘మెయిన్ పైపులైను పగిలింది సార్, రెండు మండలాలకు అయిదు రోజుల నుంచి చుక్క నీరు లేదు’ అన్నాడు.

పాఠాంతరము: మర్నాడు అన్ని మండలాలకూ పంపిన ప్రతిలో ‘ఇతరములు’ కింద ‘పైపులైను మరమ్మతు’ అని ఒక ఉపచుక్క అధికంగా కనబడుచున్నది. అది పట్టుటకై లిపికారుడు ఫాంటు పన్నెండుకు దించినాడు.