సమానత్వంలో స్టేట్ ఫస్ట్

8 + 4 = ___ + 5. ఖాళీలో ఏ సంఖ్య రావాలి? మీ ఇంట్లో నాలుగో క్లాసు చదివే చిరంజీవిని అడగండి. ఫీజు బాగానే పోశారు కనుక క్షణం ఆలస్యం చేయకుండా "పన్నెండు" అంటాడు. పక్కన ఐదు కూడా ఉంది కదరా అంటే ఏమాత్రం తొణక్కుండా దాన్నీ కలిపేసి "పదిహేడు" అంటాడు. ఏడు అని మాత్రం అనడు. ఒకవేళ అంటే ఆ పిల్లవాణ్ణి వెంటనే బడి మాన్పించండి. ఇంకా చెడిపోలేదన్నమాట.

మన పిల్లల్నే ఆడిపోసుకుంటున్నానని నొచ్చుకోకండి. ఫాల్క్‌నర్, లెవీ, కార్పెంటర్ అనే ముగ్గురు అమెరికాలో 1999లో అచ్చువేసిన వ్యాసంలో ఉన్నది ఇదే లెక్క. వాళ్ళు ఆరో తరగతి పిల్లలు 145 మందిని అడిగితే 145 మందీ పన్నెండనో పదిహేడనో అన్నారు. అగ్రరాజ్యానికీ మనకూ ఈ ఒక్క విషయంలో రవ్వంత తేడా లేదు. గర్వపడదాం.

పిల్లలందరినీ బోల్తా కొట్టించిన ఈ '=' గుర్తును పుట్టించినవాడు రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశస్థుడు. 'సమానం' అని మాటిమాటికీ రాయలేక 1557లో ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు గీశాడు. లోకంలో ఇంతకంటే సమానమైనవి రెండుండవని కారణం కూడా రాసిపెట్టాడు. పాపం, మన వర్క్‌బుక్కులు చూసి ఉంటే ఒకటే బాణం గీసి ఊరుకునేవాడు. వాటిలో ఎడమవైపెప్పుడూ చాకిరీ, కుడివైపెప్పుడూ జవాబు. ఎల్‌కేజీ నుంచి వేలసార్లు అదే వరస. అలవాటుపడిన పిల్లలకు బోర్డు మీద 7 = 3 + 4 అని రాసి చూపించండి. "టీచర్, తిరగేసి రాశారు" అంటారు. 8 = 8 అని రాస్తే "ఇందులో లెక్కేది?" అంటారు. 5 + 2 = 4 + 3 అంటే "ఇంకా జవాబు రాయలేదు" అని జాలిపడతారు. వాళ్ళ దృష్టిలో ఆ గుర్తు కాలింగ్ బెల్. నొక్కితే లోపల్నుంచి జవాబు బయటికి రావాలి. కాలిక్యులేటర్ మీట కూడా ఆ మాటే రుజువు చేస్తుంది కదా!

నేర్పేవాళ్ళకైనా ఆ గుర్తంటే గౌరవం ఉందా? 25కు 18 కలిపి, దానికి మరో 7 కలపాలంటే బోర్డు మీద 25 + 18 = 43 + 7 = 50 అని ఒకే గొలుసుగా లాగేస్తారు. అంటే 25, 18 కలిస్తే 50 అని సంతకం పెట్టినట్టే. "చివరికొచ్చిన జవాబు రైటే కదా!" రైటే. దారిలో చెప్పిన అబద్ధానికి మాత్రం లెక్కలేదు. ఆ పిల్లలే హైస్కూలుకొచ్చి ఎక్స్ + 5 = 12 దగ్గర నిలబడతారు. "ఐదు అటు వెళ్తే మైనస్ అవుతుంది, అంతే, రూలు" అని నేర్పుతారు. రెండువైపులా ఐదేసి తీసేస్తే సమానత్వం చెడదన్న అసలు సంగతి ఎవరూ చెప్పరు. పక్షం మారితే గుర్తు మారుతుందని ఎమ్మెల్యేలకైతే ఎవరూ నేర్పక్కర్లేదు. పిల్లలకు కూడా అదే స్థాయి బీజగణితం చాలనుకున్నాం.

ఇక ధర్మాల సంగతి. ఆరో తరగతి పూర్ణాంకాల పాఠంలో సంవృత ధర్మం, స్థిత్యంతర ధర్మం, సహచర ధర్మం, విభాగ న్యాయం, తత్సమాంశం అని పంచపాండవుల్లా వచ్చి నిలబడతాయి. పిల్లలు వాటి పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. "ఏ + బి = బి + ఏ అనునది ______ ధర్మం" అన్న బిట్టు చూడగానే ఖాళీ నింపేస్తారు. అరమార్కు చేతికొస్తుంది. ఆ అరమార్కు వీరుణ్ణి ఏడెనిమిదులెంత అనండి. యాభైయారు. శభాష్. మరి ఎనిమిదేళ్ళు? ఇంకో ఎక్కం కనుక మొదటి మెట్టుకు పోయి, ఎనిమిది ఒకట్లు ఎనిమిది అంటూ ఏడు దాకా ఎక్కి వస్తాడు. పది పదుల దాకా ఎక్కాల్లో వంద గడులుంటాయి. ముందువెనకలు మార్చినా లబ్ధం ఒకటేనని తెలిసినవాడు నేర్చుకోవాల్సినవి 55. ఇరవై ఇరవైల దాకా పోతే 400కు బదులు 210. అంటే స్థిత్యంతర ధర్మం పేరు నేర్పుతాం కానీ దానివల్ల కలిసొచ్చే సుఖం మాత్రం దక్కనివ్వం. సగం బరువు దించేస్తే హోంవర్కు ఏం కావాలి?

అర్థం వదిలి పేర్లు పట్టుకునే ఈ జబ్బును మనం కనిపెట్టలేదు. రష్యావాళ్ళు 1957లో స్పుత్నిక్‌ను పైకి పంపితే అమెరికా కంగారుపడి, అరవైల్లో 'న్యూ మ్యాథ్' పేరుతో చిన్నపిల్లల నెత్తిన సమితులు, ధర్మాలు, వాటి పేర్లు కుమ్మరించింది. 'జానీకి కూడిక ఎందుకు రావడం లేదు' అన్న అర్థమొచ్చే పేరుతో గణితవేత్త మోరిస్ క్లైన్ 1973లో పుస్తకమే రాయాల్సి వచ్చింది. వాళ్ళు వదిలించుకున్నదాన్ని మనం అపురూపంగా దాచుకున్నాం.

వాళ్ళు మాత్రం పూర్తిగా బాగుపడ్డారా? 2015లో అక్కడి ఒక పరీక్షలో 5 × 3ను కూడికగా రాయమన్నారు. పిల్లవాడు 5 + 5 + 5 = 15 అని రాశాడు. మార్కు కోసేశారు. 3 + 3 + 3 + 3 + 3 అని రాయాలట. ఆ కాగితం ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ టీచరు వైపూ ఒక న్యాయముంది. ఐదు పళ్ళేల్లో మూడేసి ఇడ్లీలు వేరు, మూడు పళ్ళేల్లో ఐదేసి ఇడ్లీలు వేరు. తినేవాళ్ళకు తేడా తెలుస్తుంది. కానీ మొత్తం ఎందుకు మారదో చూపించడం కదా పాఠం! గచ్చు మీద చింతపిక్కలు మూడు వరసల్లో ఐదేసి పేర్చి, పిల్లవాణ్ణి పక్కగోడ వైపు వచ్చి కూర్చోమంటే చాలు. అవే పిక్కలు ఐదు వరసల్లో మూడేసి కనబడతాయి. స్థిత్యంతర ధర్మం మొత్తం ఇంతే. అయితే చింతపిక్కలు సిలబస్‌లో లేవు. వాటి మీద ఎమ్మార్పీ వేసే వీలూ లేదు.

భాస్కరాచార్యుడు 1150లో 'లీలావతి'లో 135ను 12తో గుణించమని అడిగి, ఒక్క దారి చూపి ఊరుకోలేదు. పన్నెండును ఎనిమిదిగా నాలుగుగా చీల్చి 1080, 540 కలుపుకో అన్నాడు. కాదంటే మూడుతో గుణించి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించు అన్నాడు. ఎటు వెళ్ళినా 1620. ఆయన ఇవాళ మన యూనిట్ టెస్టు రాస్తే "టెక్స్ట్‌బుక్ మెథడ్ కాదు" అని ఎర్రసిరాతో సున్నా చుట్టి పేరెంట్స్ మీటింగుకు నాన్నగారిని పిలిపిస్తారు.

రైతుబజారులో కూరలమ్మే మామ్మకు 'లీలావతి' అంటే ఏమిటో తెలియదు. కిలో 48 చొప్పున పన్నెండు కిలోలడగండి. "యాభై లెక్కన ఆరొందలు, ఇరవై నాలుగు తీసెయ్యి నాయనా" అని, మీరు ఫోన్ తీసేలోపు 576 చేతిలో పెట్టమంటుంది. విభాగ న్యాయం ఆమె కొంగున ముడేసుకుని ఉంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల్ని పరీక్షించి 2025లో 'నేచర్' పత్రికలో రాసింది చదవండి. బేరంలో గట్టి లెక్కలు చేసిన ఆ పిల్లలు కాగితం మీది బడిలెక్క దగ్గర తడబడ్డారు. బడిపిల్లలేమో కాగితం మీద గెలిచి బజారు లెక్కలో ఓడిపోయారు. ఇద్దరి మధ్యా గోడ కట్టి, దానికి చదువని పేరు పెట్టుకున్నాం.

బడికి ఈ ధర్మాలు తెలియవనుకుంటే మాత్రం పొరపాటు. ఆఫీసు గది కిటికీ దగ్గరికి వెళ్ళండి. ముందు బస్సు ఫీజు కట్టి తర్వాత టర్మ్ ఫీజు కట్టినా, అటుదిటు చేసినా మొత్తం మారదు. స్థిత్యంతరం. పుస్తకాలూ యూనిఫాం కలిపి కట్టి ట్యూషన్ ఫీజు తర్వాత చేర్చినా అంతే. సహచరం. అన్నదమ్ములిద్దరికీ ఒకే బిల్లు వేసినా విడివిడిగా వేసినా పైసా తగ్గదు. విభాగ న్యాయం. రాయితీ కోసం మీరు పెట్టుకున్న అర్జీని ఫీజుకు కలిపితే ఫీజు ఉన్నదున్నట్టే ఉంటుంది. సంకలన తత్సమాంశం, అంటే సున్నా. తరగతి గదిలో రాని లెక్క క్యాష్ కౌంటర్ దగ్గర ఎంత స్వచ్ఛంగా పలుకుతుందో!

చేయాల్సిన పని చాలా చిన్నది. బోర్డు మీద 37 + 56, 38 + 55 అని రాసి, కలపకుండా ఇవి సమానమో కాదో చెప్పమనాలి. "ఇక్కడ ఒకటి పెరిగింది, అక్కడ ఒకటి తగ్గింది, సమానమే" అన్న పిల్లకు బీజగణితం వచ్చేసినట్టే. పేరు తర్వాతైనా చెప్పుకోవచ్చు. ఖర్చు ఒక సుద్దముక్క. పని జరగకపోవడానికి కారణం కూడా అదే.

ఒకవేళ ఏ యాజమాన్యమైనా ఈ వ్యాసం చదివితే జరగబోయేది ఇది. వచ్చే జూన్‌లో నర్సరీ నుంచే 'ఈక్వాలిటీ ఫౌండేషన్' మొదలవుతుంది. సమానత్వం బాగా వచ్చినవాళ్ళకు స్టార్ బ్యాచ్, రానివాళ్ళకు మేడమీద రేకుల షెడ్డు. ఏడాది తిరిగేసరికి టీవీలో ర్యాంకుల ప్రకటన గొంతు చించుకుంటూ "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు... సమానత్వంలో స్టేట్ ఫస్ట్ మాదే!" మర్నాడు పేపర్లో రెండు పోటీ సంస్థల ప్రకటనలు పక్కపక్కనే, రెండింట్లోనూ ఒకే పిల్లవాడి ఫోటో. ఆ పేజీని చించి దాచుకోండి. ఎడమపక్క ఉన్నదీ కుడిపక్క ఉన్నదీ ఒకటే సరుకని ఇంత తేటగా చూపించే పాఠం మన బళ్ళలో మరొకటి దొరకదు.