పేరుకు పదహారు మాత్రలు

మా వాడి మ్యూజిక్ పీరియడ్ మంగళవారం. అందుకని సోమవారం రాత్రి మా వంటింట్లో కందిపప్పు తరిగిపోతుంది. ఖాళీ సీసాలో గుప్పెడు గింజలు పోసి మూత బిగిస్తే వాయిద్యం. బియ్యమైతే సన్నగా మోగుతుంది, కందిపప్పైతే గరగరమంటుంది, రాజ్మా అయితే పక్క ఫ్లాట్‌వాళ్లొచ్చి తలుపు కొడతారు. ఢిల్లీ ద్వారకలో మూడో తరగతి కదా, క్లాసులో సగంమంది తెచ్చింది రాజ్మానే!

ఆ తర్వాత గాజుగ్లాసుల వంతు. నీళ్లు ఎక్కువున్న గ్లాసును చెంచాతో తడితే స్వరం కిందికి దిగుతుంది, తక్కువుంటే పైకెక్కుతుంది. అదే సీసా మూతిమీద ఊదితే లెక్క తిరగబడుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ లోపలి గాలికి చోటు తగ్గి స్వరం హెచ్చుతుంది. నాకు ఇంజనీరింగ్‌లో బోర్డుమీద చెప్పిన ఈ సంగతి వాడు వంటింటి గట్టుమీద నేర్చుకున్నాడు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే వేసవిలో సప్తస్వరాలకూ నీళ్లెక్కడ తేను? ఐదు గ్లాసులతో సరిపెట్టుకోమన్నాను. మోహన రాగానికి ఐదు చాలు. దాన్నే వాళ్ల సార్ భూప్ అంటారు.

అసలు ముచ్చట పేర్ల ఆట. పిల్లలకు సంగీతం చెప్పాలంటే మాటలతో, చప్పట్లతో, గెంతులతో మొదలుపెట్టాలని జర్మన్ స్వరకర్త కార్ల్ ఆర్ఫ్ ఏనాడో పట్టుబట్టాడు. ఆ పద్ధతిలోనే పిల్లలు గుండ్రంగా కూర్చుని చప్పట్లమీద ఎవరి పేరు వాళ్లు చెప్పాలి. ఆరవ్, దియా, కబీర్ ఒక్కో చప్పట్లో అయిపోయారు. మా వాడు లేచి "వెంకట సత్య సూర్య నారాయణ" అన్నాడు. పక్కపిల్ల వంతూ, దాని పక్కవాడి వంతూ వాడి పేరులోనే కొట్టుకుపోయాయి. సార్ నవ్వి, "బేటా, ఇది పేరు కాదు, పూరా తీన్‌తాల్" అన్నారట.

ఇంటికొచ్చి చెబితే కాగితంమీద గురులఘువులు వేసి చూశాను. నిజమే, తీన్‌తాల్‌కి ఉన్నట్టే సరిగ్గా పదహారు మాత్రలు! ఇంటిపేరు చేర్చలేదు, ఇంకా నయం.

మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆవిడది విజయనగరం. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆవిడ ఆ కళాశాల గుమ్మం తొక్కలేదు గానీ, ఆ వీధి గాలి పీల్చిన అధికారం పూర్తిగా వాడుకుంటుంది. "తీన్‌తాల్ ఏంట్రా, అది ఆదితాళం, రెండావర్తనాలు" అని వేళ్లు లెక్కపెట్టడం మొదలెట్టింది. మనవడు ఎదురుగా కూర్చుని ఒకటికి, ఐదుకు, పదమూడుకు చప్పట్లు కొట్టి, తొమ్మిదికి చెయ్యి గాల్లో విసిరాడు. చిత్రంగా ఇద్దరూ ఒకేచోట తేలారు.

స్వరాల దగ్గరికొచ్చేసరికి మళ్లీ పేచీ. "ఒరేయ్, వీడి రిషభం పైకెక్కిపోయిందిరా" అంది. ఎక్కలేదు. ఆవిడ చిన్నప్పటి సరళీవరుసలు మాయామాళవగౌళలో, వీడి అలంకారాలు బిలావల్‌లో, అంటే మన శంకరాభరణంలో. నేను వివరిస్తే, "అయితే వాళ్ల సార్‌ని ఆ హార్మోనియం తీసెయ్యమను" అంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంని గడప తొక్కనివ్వలేదని ఆవిడకెలాగో తెలుసు.

ఇదంతా పిల్లచేష్ట కాదు. మా ద్వారక సెక్టార్ 7లోనే సీసీఆర్‌టీ ఉంది. 1979లో పెట్టిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ దేశం నలుమూలల టీచర్లకూ పాఠంలోకి పాటనూ తోలుబొమ్మనూ ఎలా తేవాలో నేర్పుతుంది. 2020 జాతీయ విద్యావిధానం చదువునూ కళనూ వేరు చెయ్యొద్దంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి 'బాన్సురీ' అని కళల పుస్తకమే వేసింది. అయినా పరీక్షలు దగ్గరపడగానే మ్యూజిక్ పీరియడ్‌ని లెక్కల పీరియడ్ మింగేస్తుంది. మా వాడి బళ్లోనే కాదు, నేను చదివిన బళ్లోనూ అంతే.

లెక్కల మేడమ్‌గారూ! పదహారును నాలుగు నాలుగులుగా విడగొట్టడం మా వాడికి మీ పీరియడ్‌లో రాలేదు, తన పేరుమీద చప్పట్లు కొడుతుంటే వచ్చింది. దయచేసి మంగళవారం జోలికి రాకండి. కావాలంటే వచ్చి గుండ్రంలో కూర్చోండి. మీ పేరెన్ని మాత్రలో పిల్లలే చెబుతారు.