పదహారు గుర్రాలూ, ఒక కాగితమూ

మా మేనల్లుడు జర్మనీలో దిగిన నాలుగో రోజుకే తెనాలిలో మా అక్క "మావాడు యూరప్‌లో సెటిలయ్యాడు" అని వీధంతా చెప్పేసింది. నిజమేనా అని వాడికి ఫోన్ చేశాను. "నేను ఇక్కడున్నానని ఇంకా కాగితం రాలేదు మామయ్యా" అన్నాడు.

వాడు చేరిన ఊరు మాగ్డెబర్గ్, ఎల్బే నది ఒడ్డున. ఆ పేరు మీరూ విన్నారు, పరీక్ష అయిపోయాక మరిచిపోయారు. రెండు లోహపు అర్ధగోళాలు కలిపి లోపలి గాలి తోడేస్తే, అటు ఎనిమిది ఇటు ఎనిమిది గుర్రాలు లాగినా విడిపోని బొమ్మ సైన్సు పుస్తకంలో ఉండేది కదా, ఆ ఊరే. ఆ ప్రయోగం చేసిన ఒట్టో ఫాన్ గేరికె 17వ శతాబ్దంలో ఆ ఊరి మేయరు. యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. మేయరు గారికి శూన్యం మీద అంత పట్టు ఉండడం మనకు వింతేమీ కాదు. దాన్ని నిరూపించడానికి సొంతంగా ఖర్చుపెట్టుకోవడమే వింత.

ఫీజు లేని చదువని అమీర్‌పేట కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు లేదు. కాకపోతే ఏడాది తిండికీ అద్దెకూ 11,904 యూరోలు ముందే తెచ్చి ఒక ఖాతాలో బిగించాలి. అందులోంచి నెలకు 992 చొప్పున వదులుతారు. డబ్బు మనదే, తాళంచెవి వాళ్ల బొడ్డులో. కొత్త కోడలికి అత్తగారు బియ్యం కొలిచి ఇచ్చినట్టన్నమాట.

ఆ బియ్యం చేతిలో పడాలంటే అక్కడి బ్యాంకులో మామూలు అకౌంటు కావాలి. అకౌంటుకి చాలా బ్యాంకులు చిరునామా నమోదు పత్రం అడుగుతాయి. దాన్ని 'ఆన్మెల్డుంగ్' అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో నమోదు చేయించుకోవాలని చట్టం. దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ కావాలి (ఇది ఒకే మాట. వాళ్ల లిపిలో 24 అక్షరాలు. కంగారు పడకండి, నేనూ మూడోసారికే పలకగలిగాను). ఓనరు సంతకం పెట్టాలంటే అడ్వాన్సు అందాలి. అడ్వాన్సు ఎక్కడినుంచి? ఆ అకౌంటులోంచి. లోపల గాలి లేదు, బయట గుర్రాలు లాగుతున్నాయి.

ఇలాంటి చక్రం మన ఎమ్మార్వో ఆఫీసులోనూ ఉంటుంది. అక్కడైతే గుమాస్తా మొహం చూసి, "అన్నా, కొంచెం చూడన్నా" అనొచ్చు. జర్మనీలో అన్న లేడు. 'టెర్మిన్' ఉంది. అంటే అపాయింట్‌మెంటు. మన 'రేపు రా' అనే మాటకే తేదీ, గంట, నిమిషం అచ్చేసి ఇస్తారు. ఎన్ని రేపుల తర్వాతో కూడా ముందే తెలుస్తుంది. అదీ అభివృద్ధి.

చివరికి వరంగల్ సీనియర్ ఒకతను ఓనరుతో మాట్లాడి సంతకం పెట్టించాడు. పదహారు గుర్రాల వల్ల కానిది ఒక వరంగల్ వాడివల్ల అయింది.

బ్యాంకు కార్డు ఒక కవరులో, దాని పిన్ మరో కవరులో పోస్టులో రావాలి. అక్కడ ఉత్తరం చేరేది పెట్టెమీద ఉన్న పేరునుబట్టి. మావాడికేమో ఇంటిపేరు, తాతపేరు, దేవుడిపేరు, ఆ తర్వాత అసలు పేరు. పెట్టెమీది చీటీలో ఇంటిపేరులో సగమే పట్టింది. పిన్ వచ్చింది. కార్డు వెనక్కి వెళ్లిపోయింది. తెరవడానికి తలుపు లేదుగానీ తాళంచెవి భద్రంగా ఉంది. ఏ అడ్డంకీ లేకుండా చేరిన మొదటి ఉత్తరం మాత్రం ప్రభుత్వ ప్రసారాల చందా గురించి. ఇంటికి నెలకు 18.36 యూరోలు. టీవీ లేదన్నా సరే, కట్టాల్సిందే.

వీటన్నిటికంటే వాడు బెంబేలెత్తింది చెత్తడబ్బాల దగ్గర. నీలం డబ్బా కాగితాలకి, పసుపు ప్యాకింగుకి, గోధుమరంగు తొక్కలకి, నల్లది మిగిలినదానికి. గాజు సీసాలు వీధిచివర, అవి కూడా తెలుపు, ఆకుపచ్చ, గోధుమరంగు వేరువేరుగా. ఆదివారం వేయకూడదు, చప్పుడవుతుందట. ఆదివారం షాపులూ తీయరు. చలికాలంలో కూడా రోజూ కిటికీలు బార్లా తీసి ఇంట్లోకి గాలి రానివ్వాలట.

ఇదంతా వీడియో కాల్‌లో విని వాడి అమ్మమ్మ, అంటే మా అమ్మ, మొహం వెలిగిపోయింది. ఎనభై ఏళ్లుగా ఆమె చెబుతున్నదదే. మడిబట్ట వేరు, మైలబట్ట వేరు. ఎంగిలి ఇటు, అంటు అటు. పొద్దున్నే తలుపులు తీయకపోతే లక్ష్మి రాదు. ఈ ఆచారాలు పడలేకే మావాడు ఇంటర్ నుంచీ హాస్టల్లో ఉన్నాడు. ఎంత దూరం పారిపోతే ఆమె చేతికి చిక్కడో లెక్కవేసుకుని ఖండం దాటాడు. తీరా దిగింది ఎనిమిది కోట్లమందికి పైగా అమ్మమ్మలున్న దేశంలో.

"చింతపండు పిప్పి ఎందులో వేశావురా?"

"పసుపు డబ్బాలో అమ్మమ్మా."

"నీ మొహం. తొక్కల్లో వేయాలి. తీసి మార్చు."

జర్మన్‌లో ఒక్క ముక్క రాని మనిషికి ఆ దేశపు నిబంధన ఎలా తెలిసిందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

మొన్న వాడు ఉత్సాహంగా ఫోన్ చేశాడు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు మెషిన్‌లో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగి వస్తాయని తెలిసి ఏడు సీసాలు మోసుకెళ్లాడట. మెషిన్ చీటీ ఇచ్చింది. 1.75 యూరోలు. దాన్ని అక్కడే కౌంటర్లో ఇచ్చి డబ్బు తీసుకోవాలి.

"తీసుకున్నావా?" అన్నాను.

"లేదు మామయ్యా. ఫైల్లో పెట్టాను. రెండు జిరాక్సులు కూడా తీయించాను."

జిరాక్సులకి ఎంతయిందో నేను అడగలేదు.