అంగుళం

మా వీధి చివరింటి పెద్దాయన గుడివాడ డిపోలో బస్సు నడిపి రిటైరయ్యారు. ఉద్యోగమంతా స్టీరింగు ముందే గడిచిన మనిషి. ఇప్పుడాయన ఇంట్లో ఒక కారుంది గానీ, దాన్ని రోడ్డెక్కించే యోగం ఆయనకు లేదు. డాలస్‌లో ఉంటున్న అల్లుడు గారు, బందరు వచ్చినప్పుడల్లా అద్దె కార్ల బాధ ఎందుకని కొని, మామగారి షెడ్డులో పెట్టించారు. వారానికోసారి ఇంజను స్టార్టు చేసి, కాసేపు ఉంచి, ఆపేయడం మామగారి వంతు. దానికన్నా పెద్ద పని ఇంకోటుంది. సీట్లు చూసుకోవడం. అవి తోలు సీట్లు. పైగా మీగడ రంగు.

బందరులో మీగడ రంగు సీట్లు! ఆ రంగు ఎంచినవారు అల్లుడు గారే కాబట్టి మనం ఏమీ అనకూడదు.

ఆ సీట్ల గురించి అమెరికా నుంచి వచ్చిన ఫోన్లు కూతురి యోగక్షేమాల గురించి వచ్చిన ఫోన్లకన్నా ఎక్కువే ఉంటాయి. ప్లాస్టిక్ కవరు కప్పకండి, లోపల చెమ్మ పడుతుంది. అద్దాలు రెండు వేళ్ళ సందు దించి ఉంచండి. ఎండ నేరుగా పడనివ్వకండి. అత్తగారు ఒకసారి, చెప్పులకు రాసినట్టే వీటికీ కొబ్బరినూనె రాస్తే మెత్తగా ఉంటాయి కదా అన్నారట. ఆ రోజు ఫోను అరగంట నడిచింది. కారు సీటు తోలు మీద రంగు పూత ఉంటుంది, నూనె లోపలికి ఇంకదు, పైనే జిడ్డుగా నిలిచి దుమ్ముని పట్టుకుంటుంది, తడిపి పిండిన గుడ్డమీద రెండు చుక్కల సబ్బు నీళ్ళు చాలు, వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఇదంతా నిజమే. సముద్రపు గాలికి బీరువాలో పెట్టిన నడుం బెల్టుకే బూజు పట్టే ఊరు మాది. పెద్దాయన చెప్పింది చెప్పినట్టు చేశారు.

ఒక్క సంగతి మాత్రం అల్లుడితో అనలేదు. ఓ కుట్టు ఊడితే ఆ సీటు విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళారు. అక్కడ కుట్టే అబ్బాయి సీటు పక్క మడత తిప్పి చూపించి, కూర్చునే మేరకే తోలు బాబాయ్, పక్కలూ వెనకా రెగ్జినే, చాలా కార్లకి ఇంతే అన్నాడు. ఎందుకు బాధపెట్టడమని పెద్దాయన ఆ మాట అక్కడే వదిలేసి వచ్చారు.

మొన్న డిసెంబరులో అల్లుడూ కూతురూ రెండేళ్ళ పాపతో వచ్చారు. సామాన్లతో పాటు ఓ పెద్ద అట్టపెట్టె. అందులో పాప కారు సీటు. అత్తగారు దాని బెల్టులూ బకిల్సూ పట్టి చూసి, "ఒళ్ళో పెట్టుకోవడానికి నేనుండగా ఈ కుర్చీ ఎందుకు బాబూ?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకి సమాధానం భోజనాల దగ్గర మొదలై మజ్జిగన్నం దాకా సాగింది.

అల్లుడు గారికి ఈ విషయంలో తెలియనిది లేదు. పిల్లల సీటు తప్పనిసరి అని అమెరికాలో మొట్టమొదట చట్టం చేసిన రాష్ట్రం టెనెస్సీ. 1977లో చేసి, 1978 జనవరి నుంచి అమల్లో పెట్టారు. 1985 నాటికి అన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. (1977 అనగానే బందరువాళ్ళకి గుర్తొచ్చేది వేరే. ఆ నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. అత్తగారి పుట్టిల్లు అవనిగడ్డ వైపు. ఆవిడ పెరుగు వడ్డిస్తూ ఆ ఏడాది పేరు విని ఒక్క క్షణం ఆగారు. అల్లుడు గారు చూసుకోలేదు.) వాళ్ళుండే టెక్సాస్‌లో ఎనిమిదేళ్ళు నిండేదాకా, లేదా నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు దాటేదాకా సీటు ఉండి తీరాలి. మన దేశంలోనూ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 194బి అని ఒక సెక్షను పెట్టారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

"వెయ్యే కదా" అన్నారు అత్తగారు.

అప్పుడు లెక్క చెప్పారు అల్లుడు గారు. కారు యాభై కిలోమీటర్ల వేగంలో పోతూ దేన్నో గుద్ది, సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి. పన్నెండు కిలోల పాప ఆ క్షణంలో నూట డెబ్భై కిలోల బరువుతో ముందుకి పోతుంది. "మీ చేతులు పట్టుకోగలవా అత్తయ్య గారూ?" వెనక సీటుకి భయం లేదనుకోవడానికీ లేదు. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లో బెల్టు లేకే.

పెద్దాయన అప్పటిదాకా పెదవి విప్పలేదు. ఆయన ఎన్టీ రామారావు గారి అభిమాని. నిమ్మకూరు బస్సు తోలిన రోజులున్నాయి. చైతన్యరథాన్ని ఊరూరా తిప్పిన హరికృష్ణ గారు ఆయన దృష్టిలో డ్రైవర్లలో డ్రైవరు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో హరికృష్ణ గారి కారు పల్టీ కొట్టింది, బెల్టు పెట్టుకోలేదని పేపర్లన్నీ రాశాయి. ఆ పూట పెద్దాయన ఇంట్లో పొయ్యి వెలగలేదు. "అల్లుడు గారు చెప్పింది కరెక్టే. సీట్లోనే కూర్చోపెట్టండి" అని లేచి చెయ్యి కడుక్కున్నారు. అంతటితో అత్తగారి అప్పీలు కొట్టుడుపోయింది.

మర్నాడు సీటు బిగించే కార్యక్రమం. ఇక్కడ అత్తగారు ఇంకో పొరపాటు చేశారు, అదీ మంచి మనసుతోనే. ఇన్నాళ్ళూ కళ్ళలో వత్తులేసుకుని కాపాడిన తోలు మీద ఆ గట్టి ప్లాస్టిక్ అడుగు ఒత్తుకుంటే గుంటలు పడవూ? అందుకని పాత చీరలతో కుట్టిన బొంత నాలుగు మడతలు పెట్టి సీటు కింద పరిచారు. అల్లుడు గారి ముఖం వెలిగి, మళ్ళీ వాడిపోయింది. బొంత తీసేశారు.

ఆ తీసెయ్యడంలో ఉన్న శాస్త్రం తెలుసుకోదగ్గది. బొంత మీద బెల్టు ఎంత లాగి బిగించినా, ఆ బిగువు బొంతది. గుద్దుకున్న క్షణంలో బొంత అణిగిపోతుంది, అణిగిన మేర బెల్టు వదులవుతుంది, వదులైన మేర పాప ముందుకి జరుగుతుంది. పెద్దాయనకి ఇది వెంటనే పట్టుబడింది. గడ్డి లారీకి ఎంత బిగించి తాడేసినా పది మైళ్ళు పోయేసరికి గడ్డి అణిగి తాడు వేలాడుతుంది, అంతే కదా అన్నారు. "సరిగ్గా అంతే మామయ్య గారూ." సీటు తయారుచేసిన కంపెనీ పుస్తకంలో ఏది పరవచ్చని రాస్తే అదే పరవాలి. వీళ్ళ పుస్తకం పల్చటి తువ్వాలు ఒక్క పొర ఒప్పుకుంది. ఒప్పుకోని కంపెనీలు కూడా ఉన్నాయి. బజారులో అమ్మే మందపాటి స్పాంజి పరుపులు చూడ్డానికి బాగుంటాయి గానీ, అవీ బొంతకి అక్కచెల్లెళ్ళే. సీట్లకి మొత్తంగా తొడిగే కవర్లతో ఇంకో ప్రమాదం. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో అది బయటికి రాకుండా కవరు అడ్డుపడొచ్చు.

అయితే తోలు గతేమిటి? గుంటల గురించి మరీ బెంగపడనక్కర్లేదట. సీటు తీసేశాక లోపలి స్పాంజి నెమ్మదిగా పొంగి చాలామటుకు సర్దుకుంటుంది. అసలు శత్రువు బిస్కట్ పొడి. ప్లాస్టిక్‌కీ తోలుకీ మధ్య చేరి, కారు కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా గీస్తుంది. రెండో శత్రువు పాలూ నీళ్ళూ ఒలికి కింద నిలిచే తడి. అందుకని అప్పుడప్పుడూ సీటు విప్పి, కింద తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ బిగించుకోవడం ఒక్కటే మార్గం. ఓపిక ఉన్నవాళ్ళకి తోలూ దక్కుతుంది, పిల్లా దక్కుతుంది.

అల్లుడు గారికి ఓపిక ఉంది. తువ్వాలు ముడత లేకుండా పరిచి, సీటు పెట్టి, దాని మీద మోకాలు ఆన్చి, కింది కొక్కాలకి తగిలించిన పట్టీని చెమటలు పట్టేదాకా లాగి, వెనక పట్టీ కూడా బిగించారు. తరవాత మామగారిని పిలిచి పరీక్ష చేసి చూపించారు. పట్టీ వెళ్ళే చోట సీటుని పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. అంగుళం మించి కదిలితే బిగించనట్టే లెక్క. పెద్దాయన తన బస్సు డ్రైవరు చేతులతో ఊపి చూశారు. కదల్లేదు. "భేష్" అన్నారు. అల్లుడి మీద ఆయనకి మొదటిసారి గౌరవం కలిగింది అప్పుడేనని, మొన్న మా అరుగు మీద కూర్చుని ఇదంతా చెబుతూ ఆయనే అన్నారు.

ఆ ఆదివారం సాయంత్రం మంగినపూడి బయల్దేరారు. కూతురు పిన్నితో కలిసి చిలకలపూడి కవరింగు నగల కొట్లకి వెళ్ళింది, అమెరికాలో స్నేహితురాళ్ళకి పంచాలని. కాబట్టి కారులో ముందు అల్లుడు గారూ మామగారూ, వెనక సీట్లో పాప, పక్కన అమ్మమ్మ. బందరు నుంచి పదకొండు పన్నెండు కిలోమీటర్లు. చూస్తూండగా అయిపోయే దూరమే గానీ, 2023లో ఓడరేవు పనులు మొదలైన దగ్గర్నుంచీ ఆ వైపు లారీలు ఎక్కువయ్యాయి. పాప బెల్టులు ఒప్పుకోక కాస్త ఏడ్చింది. అమ్మమ్మ చేపల చెరువులు చూపిస్తూ, కొంగల్ని లెక్కపెట్టిస్తూ, దారంతా గలగల మాట్లాడుతూనే ఉంది. అల్లుడు గారు రెండుసార్లు ఆపి పాప భుజాల మీది పట్టీలు సరిచేశారు.

మంగినపూడి తీరం చూడనివాళ్ళకి ఒక మాట. అక్కడ ఉండేది ఇసక కాదు. కృష్ణమ్మ తెచ్చి పోసిన నల్లటి మెత్తటి ఒండ్రు. సముద్రం లోతు తక్కువ, చాలా దూరం నడుచుకుంటూ పోవచ్చు. అందుకే కార్తీక పౌర్ణమికి అంత జనం. మామూలు ఆదివారాల్లో కూడా మొక్కజొన్న కండెలూ, బజ్జీల బండ్లూ, ఆటోలూ, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలూ కలిసి బాగానే సందడి. ఇసకైతే ఆరాక దులిపితే పోతుంది. ఈ మట్టి అలా కాదు, పట్టుకుందంటే వదలదు. నా తెల్ల పంచె సాక్షి.

పాప నీళ్ళకేసి నాలుగడుగులు వేసి, చతికిలబడి, రెండు గుప్పిళ్ళతో మట్టి తీసి నెత్తిన పోసుకుంది. అల్లుడు గారు వద్దనబోయారు. "పోనీలెండి బాబూ, ఒంటికి మంచిది" అని అమ్మమ్మ ఇంకో గుప్పెడు అందించింది. గంట గడిచేసరికి పిల్లకి కళ్ళూ పళ్ళూ తప్ప తెల్లనిదేదీ మిగల్లేదు. ఇంత సంతోషం ఆ పిల్ల ముఖంలో అమెరికాలో కూడా చూడలేదని అల్లుడు గారే ఒప్పుకున్నారు, ఫొటోలు తీస్తూ.

చీకటి పడుతోంది. కారు దగ్గరికొచ్చి, ఉన్న రెండు నీళ్ళ సీసాలూ పాప మీద పోశారు. నల్లటి నీళ్ళు కాళ్ళ వెంట కారాయి గానీ, పాప రంగు మారలేదు. గౌను నిండా బురద, జుట్టు నిండా బురద, చెవుల్లో బురద. ఉన్న ఒక్క తువ్వాలూ సీటు కింద ఉంది. అల్లుడు గారు వెనక తలుపు తీశారు. లోపలి లైటు వెలిగింది. మీగడ రంగు తోలు ఆ వెలుగులో మరీ మెరిసింది. ఆయన సీటు వంక చూశారు, పాప వంక చూశారు, మామగారిని పక్కకి పిలిచి ఏదో చెప్పారు. పెద్దాయన కాసేపు సముద్రం వైపు చూసి తలూపారు.

తిరుగు దారి ప్రశాంతంగా సాగింది. వెనక నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. పెద్దాయన ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కళ్ళు రోడ్డు మీద పెట్టి కూర్చున్నారు. సగం దూరం వచ్చేసరికి చిలకలపూడి నుంచి ఫోను. కూతురి గొంతు కారు స్పీకరులో వినిపించింది.

"ఎక్కడిదాకా వచ్చారు? చీకటి పడింది కదా, ఆ దారంతా లారీలు. పాప సీటు మళ్ళీ ఓసారి చూశారా?"

"బయల్దేరేముందే ఊపి చూశాను."

"గట్టిగానే ఉందా?"

"అంగుళం కూడా కదల్లేదు."

"అమ్మయ్య. మీరున్నారు కాబట్టి నాకు బెంగలేదు" అని ఫోను పెట్టేసింది.

ఎదురుగా రాళ్ళ లారీ ఒకటి దీపాలు తగ్గించకుండా మీదికొస్తోంది. కారు ముందు పోతున్న ఆటో ఎడమకి ఒరిగి, రోడ్డంచు గుంటలో చక్రం పడి ఎగిరి, మళ్ళీ మధ్యలోకొచ్చింది. అల్లుడు గారు విసుక్కుని హారను కొట్టి, దాని వెనకాలే దగ్గరగా పోనిచ్చారు.

ఇన్నాళ్ళలో అల్లుడి డ్రైవింగు గురించి పల్లెత్తు మాట అనని పెద్దాయన, అప్పుడు నోరు విప్పారు.

"కాస్త దూరం ఉంచండి అల్లుడు గారూ. ఆ ఆటో వాడు బ్రేకేస్తే మీరు ఆపలేరు. మీ అత్తయ్య ఒళ్ళో పాపుంది."