టవర్లు రాకుండా తియ్యండి

రంగం: జనవరి నెల, ఆదివారం, ఉదయం ఏడు గంటలు. గ్రేటర్ నోయిడా దాటాక యమునా ఎక్స్‌ప్రెస్‌వేకి పక్కగా ఉన్న ధనౌరీ చిత్తడి నేల. గేటు లేదు, టికెట్టు లేదు. సారస కొంగలకు పేరున్న చోటు. ప్రస్తుతం పొగమంచు తప్ప మరేమీ కనబడటం లేదు.

పాత్రలు:

లెన్సుగారు: గురుగ్రామ్‌లో ఐ.టి. మేనేజరు. జీతం బ్యాంకు వాయిదాలకి, బోనస్ కెమెరాకి.

శ్రీమతిగారు: వారి భార్య. గుంటూరు పక్కన ఉప్పలపాడు ఆడపడుచు. పులిహోర డబ్బా, టీ ఫ్లాస్కు, ఓపిక ఈమె సరంజామా.

లెక్కగారు: ఆర్.కె. పురం క్వార్టర్లలో సర్వీసంతా గడిపి రిటైరైన సెక్షన్ ఆఫీసరు. పిట్ట ఎగిరిపోయినా ఎంట్రీ తప్పిపోకూడదంటారు.

రీలుబాబు: నోయిడాలో ఇంజనీరింగ్ విద్యార్థి. ముప్ఫై సెకన్లు దాటితే హిమాలయాలు కూడా బోరే.

ప్లాట్లగారు: భీమవరం నుంచి వచ్చి, ఎక్స్‌ప్రెస్‌వే పొడవునా స్థిరపడిన స్థలాల వ్యాపారి. ఫొటోల మీద కొత్తగా ఆసక్తి పుట్టింది.

లెన్సుగారు: (ట్రైపాడ్ మీద లెన్సు బిగిస్తూ) ఆరువందల ఎం.ఎం., ఎఫ్ ఫోర్. పన్నెండు లక్షల పైమాటే. బరువు మూడు కిలోలు.

లెక్కగారు: సారసం మొత్తం బరువు ఆరేడు కిలోలండీ. సగం పక్షిని మీరు మెడకి వేలాడదీసుకు తిరుగుతున్నారన్నమాట.

లెన్సుగారు: సెకనుకి ముప్ఫై ఫ్రేములు సార్! పక్షి రెప్ప వేసేలోగా దాని జాతకం రాసేస్తుంది.

శ్రీమతిగారు: నిన్న ఓఖ్లాలో ఒక కొంగ ఇటు నుంచి అటు తల తిప్పింది బాబాయిగారూ. ఆ తిప్పడం వందల ఫొటోలయింది. రాత్రంతా కూర్చుని అన్నీ చెరిపేసి ఒక్కటి మిగిల్చారు. ఆ ఒక్కటీ మొదట తీసినదే.

లెన్సుగారు: నీకు తెలీదు, ఊరుకో. ఇది తపస్సు. ఇంగ్లండులో ఎరిక్ హాస్కింగ్ అని మహానుభావుడు, 1937లో గుడ్లగూబని ఫొటో తీస్తుంటే అది పంజాతో కొట్టింది. ఒక కన్ను పోయింది. అయినా కెమెరా వదల్లేదు.

శ్రీమతిగారు: ఆయనకి పోయింది ఆయన కన్ను. మనకి పోయింది ఇద్దరి ప్రావిడెంట్ ఫండు.

రీలుబాబు: అంకుల్, గంటయింది. ఒక్క ఈక కూడా కనబడలేదు. నా ఫాలోయర్లకి ఏం చూపించను?

లెక్కగారు: కనబడకపోతేనేం బాబూ, విను. అదిగో, బూర ఊదినట్టు ఒకటి మొదలెట్టింది, రెండోది అందుకుంది. జంట. (నోటుపుస్తకంలో రాసుకుంటూ) సారసం, రెండు, శబ్దం ద్వారా. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క తీస్తారు. 1987 నుంచీ నడుస్తోంది. చెవితో పట్టిన పక్షి కూడా మా లెక్కలో పక్షే.

లెన్సుగారు: నా కెమెరాకి చెవుల్లేవు సార్.

రీలుబాబు: అయితే ఒక ఐడియా. ఫోన్‌లో సారసం కూత డౌన్‌లోడ్ చేసుకొచ్చాను. బ్లూటూత్ స్పీకరు గట్టు మీద పెట్టి వాయిస్తే మంచులోంచి నడుచుకుంటూ మన ముందుకే వస్తాయి.

లెక్కగారు: ఎందుకొస్తాయో తెలుసా? ఎవరో తమ చోటు ఆక్రమించారనుకుని పోట్లాటకి వస్తాయి. మేత మానేసి, పిల్లల్ని వదిలేసి వస్తాయి. నీ గుమ్మం ముందు ఎవడో నిలబడి ‘ఈ ఇల్లు నాది’ అని రోజూ పొద్దున్నే అరిస్తే నీకు టిఫిను దిగుతుందా?

ప్లాట్లగారు: ఎన్‌సీఆర్‌లో అది మామూలేనండీ. ఒక్క ఫ్లాటుకి ముగ్గురు యజమానులున్న టవర్లు నాకు తెలుసు. ముగ్గురూ టిఫిను చేస్తూనే ఉన్నారు.

లెన్సుగారు: కూతలు వినిపించి పిలవడం నాకూ ఇష్టం లేదు. ఎలకని వదిలి గద్దని దింపేవాళ్లున్నారు, అదీ నేను చెయ్యను.

లెక్కగారు: మంచిది. లండన్ వాళ్ల ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ పోటీలో 2009లో మొదటి బహుమతి వచ్చిన ఫొటో గుర్తుందా? రాత్రిపూట గేటు మీంచి తోడేలు దూకుతుంటుంది. అది అడవి తోడేలు కాదు, పెంపుడుదని తేల్చి 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు.

రీలుబాబు: కానీ అంకుల్, దూకడం అయితే నిజంగానే దూకిందిగా?

శ్రీమతిగారు: నాయనా, నువ్వు పైకొస్తావు.

(పులిహోర పంపకం. మంచు అలాగే ఉంది.)

ప్లాట్లగారు: సార్, ఈ పక్షుల పిచ్చి ఎప్పట్నుంచి వచ్చిందండీ మనవాళ్లకి?

లెక్కగారు: పిచ్చి పాతదే, పరికరం మారింది. భరత్‌పూర్ వెళ్లారా? అక్కడి పక్షుల పార్కులో రాతి పలకల మీద పాతకాలపు వేటల పద్దు చెక్కి ఉంటుంది. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో కొట్టిన పక్షులు 4,273.

లెన్సుగారు: రాక్షసులు!

శ్రీమతిగారు: మొన్న పార్టీలో మీరు ‘ఈ సీజన్‌లో ఎన్ని కొట్టారు’ అని మీ స్నేహితుణ్ణి అడగలేదూ?

లెన్సుగారు: అది ఫొటోలు కొట్టడం!

శ్రీమతిగారు: తేడా పక్షికి తెలుసు లెండి, బతికిపోతుంది. చెప్పేటప్పుడు మీ మొహంలో వెలుగు మాత్రం ఆ వైస్రాయిదే. బాబాయిగారూ, నవ్వకండి. మీ నోటుపుస్తకం కూడా ఆ రాతి పలక చుట్టమే.

లెక్కగారు: (పుస్తకం మూసి) మాది శాస్త్రం అమ్మా.

శ్రీమతిగారు: శాస్త్రమైతే అస్సాంలో చూసిన పిట్టని మీ జాబితాలో కలిపి, పక్కింటాయన జాబితాని దాటామని స్వీట్లెందుకు పంచారు?

(లెక్కగారు టీ ఊదుకుంటారు.)

లెన్సుగారు: అసలు కవిత్వం పుట్టిందే ఇలాంటి జంట దగ్గర. వాల్మీకి చూసిన క్రౌంచ పక్షులు ఈ సారసాలేనంటారు కొందరు. వేటగాడు ఒకదాన్ని కొడితే రెండోది ఏడ్చింది, ఆ శోకం శ్లోకమైంది. ఆ ఘడియలో అక్కడ నా లెన్సు ఉండుంటే!

శ్రీమతిగారు: రామాయణం ఉండేది కాదు. ‘ఐఎస్ఓ ఎంత పెట్టారు స్వామీ’ అని శిష్యులు అడిగేవాళ్లు.

రీలుబాబు: ఆ రెండో పక్షి ఏడుపు స్లో మోషన్‌లో పెట్టి వెనకాల వయొలిన్ వేస్తే, కోటి వ్యూస్ ఆంటీ.

లెన్సుగారు: మీకు నా పని అర్థం కాదు. ఇదిగో, పోయినేడాది ఇక్కడే తీసిన సారసం చూడండి. (టాబ్లెట్ చూపిస్తారు.) కన్ను సూదిమొనలా లేదూ? వెనకంతా వెన్నలాంటి ఆకుపచ్చ. దీన్ని బొకే అంటారు. ఒక్క గడ్డిపోచ అడ్డు రాలేదు.

ప్లాట్లగారు: అబ్బ! స్విట్జర్లాండ్!

శ్రీమతిగారు: ఇక్కడేనా? మరి ఆ హైటెన్షన్ స్తంభాలేవి? గేదెలేవి? నేను కూర్చున్న ఈ గట్టేది?

లెన్సుగారు: అవి రాకుండా తియ్యడమే కళ. మోకాలి మీద కూర్చుని ఎడమకి రెండడుగులు జరిగితే స్తంభం పక్షి వెనక దాక్కుంటుంది. ఇంకాస్త వంగితే అపార్టుమెంట్లు రెల్లులో మునుగుతాయి. ల్యాండ్‌స్కేప్ అంటే ఇంకేమనుకున్నావు? ఎన్‌సీఆర్‌లో ల్యాండ్‌స్కేప్ తియ్యాలంటే ముందు ఎన్‌సీఆర్‌ని తీసెయ్యాలి.

రీలుబాబు: అంత కష్టమెందుకంకుల్? ఫోన్‌లో స్తంభం మీద వేలు పెట్టి రుద్దితే మాయం.

లెక్కగారు: అక్కడే వచ్చింది చిక్కు. ఆ బొమ్మలో ఉన్నది ధనౌరీయో బెల్జియమో పక్షికి తప్ప ఎవరికీ తెలీదు. ఈ చోటుకి అభయారణ్యం హోదా లేదు. చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా రామ్‌సార్‌లో చేర్చమని పక్షిప్రియులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అటు ఎక్స్‌ప్రెస్‌వే, ఇటు జేవర్ విమానాశ్రయం. రేపు ఎవరైనా ‘ఇక్కడ సారసాలున్నట్టు రుజువేదీ’ అంటే ఈ వెన్న చూపిస్తారా?

లెన్సుగారు: నేను కళాకారుణ్ణి సార్, పట్వారీని కాదు.

లెక్కగారు: గుర్గావ్ పక్కన బసాయీ సంగతేమిటి మరి? అంతర్జాతీయంగా ముఖ్యమైన పక్షుల చోటని బర్డ్‌లైఫ్ సంస్థ జాబితాలో ఉంది. మన కాగితాల్లో మాత్రం చిత్తడి నేల కాదు. అక్కడ కట్టడాల శిథిలాలు పిండికొట్టే ప్లాంటు పెడుతుంటే పక్షిప్రియులు హరిత ట్రిబ్యునల్‌కి ఎక్కాల్సొచ్చింది. మీ దగ్గర బసాయీ ఫొటోలు లేవూ?

లెన్సుగారు: బోలెడున్నాయి. అవార్డు కూడా వచ్చింది.

లెక్కగారు: వాటిలో బసాయీ ఉందా?

లెన్సుగారు: ...బొకే ఉంది.

లెక్కగారు: సుల్తాన్‌పూర్ ఈరోజు నేషనల్ పార్కు అయిందంటే, 2021లో రామ్‌సార్ చోటు అయిందంటే మూలం ఏమిటి? పీటర్ జాక్సన్ అని ఢిల్లీలో విలేకరి, పక్షుల మనిషి. దాన్ని కాపాడమని ఇందిరాగాంధీకి ఉత్తరం రాశాడు. ఆవిడకీ పక్షులంటే ఇష్టమే. ఉత్తరానికి బొకే ఉండదండీ. చోటు పేరు ఉంటుంది.

ప్లాట్లగారు: కాగితాల మాటొస్తే మావాళ్లకీ చేతనవును సార్. ఓఖ్లా సంగతే తీసుకోండి. 2013లో ట్రిబ్యునల్ పక్షుల కేంద్రానికి పది కిలోమీటర్ల లోపు ఫ్లాట్లకి అడ్డం పడింది. నోయిడా గొల్లుమంది. 2015లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మూడు వైపులా వంద మీటర్లు, ఉత్తరాన మాత్రం 1.27 కిలోమీటర్లు. పది కిలోమీటర్లెక్కడ, వంద మీటర్లెక్కడ! పక్షులు సర్దుకున్నాయి.

శ్రీమతిగారు: మిమ్మల్ని వంద మీటర్లలో సర్దుకోమంటే?

ప్లాట్లగారు: చదరపు మీటర్లా అమ్మా? భేషుగ్గా సర్దుకుంటాం. త్రీ బెడ్‌రూమ్ వస్తుంది.

శ్రీమతిగారు: మా ఉప్పలపాడులో ఊరి చెరువు చెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడకొంగలు. చెట్లు చాలకపోతే వాలడానికి ఇనప స్టాండ్లు కూడా పాతారు. చెరువు, కొంగలు, ఊరు, అన్నీ ఒకే ఫొటోలో పడతాయి. ఊరు రాకుండా తియ్యమని అక్కడ ఎవరూ అడగలేదు.

(మంచు తెర మెల్లగా చిరుగుతుంది. చూస్తే సారసాల జంట ఎక్కడో లేదు, గట్టుకి ఎదురుగా నీళ్లలోనే ఉంది. దాదాపు మనిషెత్తు. పక్కన గేదెలు. ఒక గేదె వీపు మీద చేయివేసి కాపరి కుర్రాడు.)

కాపరి కుర్రాడు: కబ్ సే తో యహీఁ ఖడే హైఁ, సాబ్! (ఎప్పట్నుంచో ఇక్కడే నిలబడున్నాయి సార్!)

లెన్సుగారు: అయ్యో, మరీ దగ్గరగా ఉన్నాయే! ఆరువందలలో పట్టవు! మెడ వస్తే కాళ్లు రావు, కాళ్లు వస్తే రెండోది రాదు. బాబూ, వాటిని కొంచెం వెనక్కి వెళ్లమను!

రీలుబాబు: అంకుల్, నా సెల్ఫీలో మీ ట్రైపాడ్ వస్తోంది. మీరే వెనక్కి వెళ్లండి!

లెక్కగారు: శబ్దం ద్వారా రెండు, దృష్టి ద్వారా రెండు. ఆ రెండూ ఈ రెండూ ఒకటేనా, నాలుగా? రూలు చూడాలి.

(శ్రీమతిగారు పులిహోర చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి ఒక్కసారి నొక్కుతారు. జంట రెండడుగులు వేసి, బరువుగా రెక్కలు విదిల్చి, లేచిపోతుంది.)

లెన్సుగారు: పోయాయి! ఏదీ, నీదేం వచ్చింది? హుఁ. పక్షులు చిన్నవి. గేదెలు, స్తంభం, వెనక మూడు టవర్లు, కుర్రాడి బొటనవేలు. ఇంత చెత్త ఉన్న ఫ్రేము నేను జన్మలో చూడలేదు.

లెక్కగారు: అమ్మా, అది నాకు వాట్సాప్ చెయ్యండి. స్తంభం మీద నంబరు కూడా చదవడానికొస్తోంది. ఈసారి అర్జీకి జతచేస్తాను.

ప్లాట్లగారు: అర్జీలెందుకు సార్! (లెన్సుగారి పక్కకి చేరి) నాకు మీ టాబ్లెట్‌లోది కావాలి, ఆ వెన్నది. మా కొత్త వెంచరు బ్రోషరు అట్ట మీద, నిండుగా వేస్తాం. ఇంకా కొన్ని తియ్యండి. టవర్లు మాత్రం రాకుండా తియ్యండి.

లెన్సుగారు: (పొంగిపోయి) అట్ట మీదా! తప్పకుండా. కానీ టవర్లు రాకూడదా? టవర్లు మీవేగా?

ప్లాట్లగారు: అవి పోటీ కంపెనీవి. మావి ఇంకా లేవాలి.

లెక్కగారు: ఎక్కడ లేస్తాయి?

ప్లాట్లగారు: ఇదిగో, గట్టుకి ఆనుకునే. లేక్ వ్యూ. పొద్దున్నే కాఫీ తాగుతూ బాల్కనీలోంచి సారసాల్ని చూడొచ్చు.

లెక్కగారు: టవర్లు లేచాక సారసాలెక్కడుంటాయండీ?

ప్లాట్లగారు: బ్రోషర్లో.

(కాసేపు ఎవరూ మాట్లాడరు. లెన్సుగారు లెన్సుకి మూత పెడతారు, తీస్తారు, మళ్లీ పెడతారు.)

లెన్సుగారు: (గొంతు తగ్గించి) ఫొటో కింద నా పేరు వేస్తారా?

శ్రీమతిగారు: వేస్తారండీ, ఎందుకు వెయ్యరు? కింద కుడి మూల, చిన్న అక్షరాల్లో. ‘చిత్రంలో చూపినవి ఊహాజనితం, వాస్తవంలో తేడాలుండవచ్చు’ అని ఉంటుందే, దాని పక్కనే.