పూజలో ఉన్నారు

ఉదయం ఏడింటికి ఆ ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే ఇల్లాలు గొంతు తగ్గించి చెబుతుంది: "ఆయన పూజలో ఉన్నారండీ." ఆ మాట పూర్తయ్యేలోపే లోపలి నుంచి "ఊఁ! ఊఁహూఁ! ఊఁ!" అని మూడు హుంకారాలు, వెనకే గంట మోత. "గ్యాస్ అబ్బాయికి డబ్బులు ఫ్రిజ్ మీద పెట్టారట," అని ఆవిడ తర్జుమా చేస్తుంది. పాతికేళ్ల కాపురంలో ఆవిడకు పట్టుబడిన భాష అది.

ఈ పెద్దమనిషి మియాపూర్‌లో ఉంటారు, విశాఖ మురళీనగర్‌లో ఉంటారు, న్యూజెర్సీ ఎడిసన్‌లోనూ ఉంటారు. వయసు యాభై దాటింది. ఉద్యోగం చివరికొచ్చింది, బీపీ మొదలైంది, భక్తి కుదిరింది. కుదరనిది ఒక్కటే, నిశ్శబ్దం. "ప్రశాంతంగా పది నిమిషాలు దేవుడికి దండం పెట్టుకోనివ్వరు కదా!" అన్నది ఆయన రోజూ తప్పకుండా చదివే స్తోత్రం.

ఫిర్యాదులో అబద్ధం లేదు. కిందినుంచి టమాటాల బండి మైకు, పాత ఇనుప సామాన్లు కొంటామనే రికార్డు, చెత్త ఆటో పాట. పైఫ్లాటులో గ్రైండరు. తలుపు సరిగా వేయమని పొద్దస్తమానం ప్రాధేయపడే లిఫ్టు. ఇంట్లో కుక్కరు కూతలు. ఇవన్నీ తప్పించుకుందామని ఆయన ఒకసారి బ్రాహ్మీ ముహూర్తానికి మారారు. సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలై నలభై ఎనిమిది నిమిషాలుండే ఆ వేళ లోకమంతా సద్దుమణిగి ఉంటుందన్నది నిజమే. కానీ అలారం మోతకు ఇల్లంతా లేచింది, ఆయన తప్ప. మూడోనాడు ఇంటిల్లిపాదీ తీర్మానించి ముహూర్తాన్ని మళ్లీ ఏడింటికి జరిపారు.

అసలు చిక్కు సంకల్పం దగ్గర మొదలవుతుంది. పూజ చేస్తున్నవాడు తానెవరో, ఎక్కడ ఎప్పుడు చేస్తున్నాడో దేవుడికి విన్నవించుకునే ఘట్టం అది. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, జంబూద్వీపం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల నడుమ... కొరియర్ వాడికి చెప్పే అడ్రసు కూడా ఇంత వివరంగా ఉండదు. అమెరికాలో ఉన్నాయన జంబూద్వీపం తీసేసి క్రౌంచద్వీపం అంటారు, అంతే తేడా. కోట్ల ఏళ్ల లెక్క తడుముకోకుండా వచ్చేస్తుంది. ఇవాళ తిథి ఏమిటో మాత్రం గుర్తురాదు. క్యాలెండరు హాల్లో ఉంది, ఆసనం మీంచి లేవకూడదు. అందుకని పట్టుపంచె మడతలోంచి ఫోన్ తీసి పంచాంగం యాప్ తెరుస్తారు. దశమి. ఆ దశమి నెత్తినే అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచి మెసేజీల వరస: బోరు మోటారు కాలిపోయిందట. కల్పాలూ మన్వంతరాలూ దాటుకుంటూ వచ్చిన మనిషి బోరు మోటారు దగ్గర ఆగిపోతారు.

కిందటి మెయింటెనెన్సు లెక్కల మీద ఒక ఘాటైన మాట రాసి, దానికింద నమస్కారం బొమ్మ పెడతారు. ఎవరో పంపిన వేంకటేశ్వరస్వామి ఫొటోను, పూలూ "శుభోదయం" అన్న అక్షరాలూ చూసుకుని, ఆరు గ్రూపులకు తోస్తారు. అదీ సేవే అని ఆయన వాదన. ఇలాంటి గుడ్‌మార్నింగ్ బొమ్మలతోనే మనవాళ్ల ఫోన్లలో జాగా నిండిపోతోందని గూగుల్ వాళ్లు కనిపెట్టారనీ, వాటిని ఏరి తుడిచేసే ఏర్పాటు తమ ఫైల్స్ యాప్‌లో చేశారనీ 2018లో వార్తలొచ్చాయి. దేవుడి బొమ్మ చెరిపేస్తే పాపమని ఆయన ఆ యాప్ జోలికి పోలేదు.

ఈలోగా పెద్దాఫీసరు ఫోన్ చేస్తారు. ఇంట్లోవాళ్లకు హుంకారాలే గాని, ఫోనుకు మౌనం వర్తించదు. "పూజలో ఉన్నాను, చెప్పండి సార్" అంటారు. పావుగంట చెబుతారు అవతలి వారు.

చదవడానికి తీరిక చాలక విష్ణు సహస్రనామాన్ని స్పీకరుకు అప్పగించారు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతులో అది సుమారు అరగంట. ఆయన ఒకటిన్నర వేగంతో పెడతారు. మదురై నుంచి వచ్చిన ఆ మహాగాయని ఆఫీసు బస్సుకు ఆలస్యమైనట్టు వెయ్యి నామాలూ పరుగెత్తించేస్తుంది. మధ్యలో లోను కావాలా అని ఒక ప్రకటన. దానికీ యథాలాపంగా ఒక పువ్వు పడుతుంది.

ఆయన్ని వెనకేసుకురావాలంటే సాక్షులు లేకపోలేదు. మనసును నిలపడం గాలిని పట్టడమంత కష్టమని గీత ఆరో అధ్యాయంలో మొరపెట్టుకున్నవాడు సాక్షాత్తూ అర్జునుడు. మనసు నిలిపే శక్తి లేనప్పుడు గంటలూ పూలూ ఏం చేస్తాయని త్యాగరాజు ఆభోగి రాగంలో నిలదీశాడు. తిరువయ్యారులో ఆనాడు టమాటాల మైకు లేదు, వాట్సాప్ లేదు, కావేరి ఒడ్డు మాత్రం ఉంది. కాబట్టి నేరమంతా ఫోను మీదకు తోసెయ్యడం అన్యాయం.

ఆ సంగతి తిరుమలలో బయటపడింది. గుళ్లోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లనివ్వరు గనక కౌంటరులో ఇచ్చేసి కంపార్టుమెంటులో కూర్చున్నారు. మొదటి గంట చెయ్యి ఊరికే జేబు తడుముకుంది. రెండో గంటకు చుట్టూ ఉన్నవాళ్ల గోవిందనామాల్లో గొంతు కలిపారు. నిజంగానే కలిపారు, కళ్లు కూడా చెమర్చాయి. తీరా గర్భాలయం ఎదుట నిలబడ్డ ఆ రెండు మూడు సెకన్లలో, ఇంట్లో గీజరు ఆపామా లేదా అన్న అనుమానం వచ్చింది. అంతలో "జరగండి, జరగండి" అన్నారు.

ఇలా ఏడాది పొడుగునా పేరుకుపోయిన బకాయి కార్తీక పౌర్ణమినాడు తీరుస్తారు. రోజుకొకటి చొప్పున 365 వత్తులు కలిపి నేతిలో తడిపి ఒకే దీపంగా వెలిగించడం మనవాళ్ల ఆనవాయితీ. దేవుడు ఇంత సులువైన సెటిల్‌మెంటుకు ఒప్పుకున్నందుకు ఆ పూట ఆయన ముఖంలో గొప్ప ప్రశాంతత. ఫొటో తీసి గ్రూపుల్లో పెడతారు.

అదే ఇంట్లో ఆయన తల్లిగారు హాల్లో కూర్చుని శ్రీరామకోటి రాస్తుంటుంది, భద్రాచలం పంపడానికి. ఎదురుగా టీవీలో సీరియల్ అత్తగారు విషం కలుపుతుంటుంది, మనవడు సోఫా మీంచి దూకుతుంటాడు. గడిలో ఒక్క అక్షరం వంకర పోదు. "ఆ టీవీ కట్టెయ్యమ్మా, నాకు ఏకాగ్రత చెడుతోంది," అని పూజగదిలోంచి కొడుకు హుంకరిస్తే, ఆవిడ తల ఎత్తకుండానే అంటుంది: "నీ ఫోన్ మోగుతోంది నాయనా, చూసుకో."

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఆయన ఉండే ఉంటారు. మనిషి మంచివారు, భక్తిలో కల్తీ లేదు. ఏదైనా పనుంటే దయచేసి తొమ్మిది దాటాక ఫోన్ చేయండి. ముందే చేస్తే ఎత్తేస్తారు.